పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోతే

దర్శి దగ్గర పల్లె మాది. రెండు ముర్రా గేదెలు. ఎప్పుడూ 7 చూపించే వెన్న శాతం పోయిన వేసవిలో 5.5కు దిగింది. అయిదు లీటర్లకు దాదాపు 77 గ్రాముల వెన్న తగ్గినట్టు. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకున్నా పూటకు 60 రూపాయల పైమాటే. కేంద్రంలో వారం రోజులు గొడవపడ్డాను. తప్పు సగం నాదేనని తర్వాత తెలిసింది.

ముందు మీ పితకడం చూసుకోండి. మొదటి ధారలు పలచన, చిక్కనివి చివరి ధారలే. నేను వంటకు ఆలస్యమవుతోందని, మిగిలింది దూడ తాగుతుందిలే అని సగంలో లేచేదాన్ని. వెన్న దూడకు, పలచటి పాలు కేంద్రానికి! ఇప్పుడు ఒక చన్ను దూడకే వదిలేసి, మిగతా మూడూ ఖాళీ అయ్యేదాకా పితుకుతున్నాను. చేపిన తర్వాత, అంటే పాలు చన్నుల్లోకి దిగాక, ఏడెనిమిది నిమిషాల్లో ముగించాలి, ఆపైన ఎంత లాగినా రావు. అలాగని దూడ కడుపు మాడ్చకండి. దూడ చిక్కి చచ్చిపోతే, దాన్ని చూసి తల్లి చేపుతుందన్న ఆశ కూడా పోతుంది.

రెండోది మేత. పచ్చిగడ్డి దొరక్క తవుడు, దాణా పెంచాను. పాలు కాస్త పెరిగాయి, వెన్న పడింది. పీచు తగ్గితే అంతే. జొన్నచొప్ప, వరిగడ్డి మళ్లీ కడుపునిండా వేశాను. మేత తిని పడుకున్న గేదె నెమరు వేయడం లేదంటే పీచు చాలడం లేదేమోనని అనుమానించాల్సిందే.

ఇక కేంద్రం సంగతి. క్యాను కాసేపు కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది. గరిటెతో అడుగు నుంచి కలిపాకే, నురగ లేకుండా నమూనా తీయమనండి. మొహమాటం వద్దు. నేను ఒకే పాలను రెండు సీసాల్లో పోసి, ఒకటి పరీక్షకు పెట్టించి, మధ్యలో ఇద్దరిని వెళ్లనిచ్చి రెండోదీ పెట్టించాను. రెండు అంకెలకూ పొంతన లేదు. అప్పుడు గానీ వాళ్లు వెన్న కొలిచే యంత్రం కడగలేదు.

ఇవన్నీ చేసినా పది రోజుల్లో అంకె లేవకపోతే మొదటి ధారను నల్లగుడ్డ మీద పట్టి చూడండి. విరిగిన పాలలాంటి తరకలు కనిపిస్తే అది పొదుగువాపు. ఆ పాలు కేంద్రానికి పోయకుండా పశువైద్యుణ్ణి పిలవండి.