ఆవు పాలకు బదులు సోయా, బాదం, ఓట్స్ పాలు: డబ్బా వెనక అంకెలు చూసి పోల్చుకోవడం ఎలా

సోయా, బాదం, ఓట్స్ పాల డబ్బాలు దుకాణంలో ఒకే అరలో ఉంటాయి. ప్రొటీన్ దగ్గరికి వస్తే మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ ఆరేడు రెట్ల తేడా. ‘కాల్షియం రిచ్’ అని డబ్బా ముందు వైపు పెద్దక్షరాలతో రాసినా ఈ తేడా తెలియదు. డబ్బా వెనక్కి తిప్పి, కింద చెప్పిన వరుసలో చూడండి. (మొక్కల నుంచి తీసినవాటిని ‘మిల్క్’ అని అమ్మడానికి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒప్పుకోదు. అందుకే మన దగ్గర డబ్బాల మీద సోయా డ్రింక్, ఆల్మండ్ డ్రింక్, ఓట్ బెవరేజ్ అని ఉంటుంది. ఆన్‌లైన్‌లోనూ ఆ పేర్లతోనే వెతకండి.)

ముందు ఆవు పాల లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఆవు పాలలో ప్రొటీన్ 3.3 గ్రాములు, కాల్షియం 118 మిల్లీగ్రాములు, శక్తి 73 కిలోకేలరీలు. గేదె పాలలో ప్రొటీన్ 3.7, కాల్షియం 121, కొవ్వు మాత్రం 6.6 గ్రాములు. టోన్డ్ ప్యాకెట్‌లో కొవ్వు 3 శాతమే ఉంటుంది కానీ, ప్రొటీన్, కాల్షియం పెద్దగా తగ్గవు. పోల్చడానికి రెండే అంకెలు గుర్తుపెట్టుకోండి: 100 మి.లీ.కి ప్రొటీన్ 3.2, కాల్షియం 120.

అన్నిటినీ 100 మి.లీ.కి మార్చండి

ఒక డబ్బా 200 మి.లీ.కి, మరొకటి 250 మి.లీ.కి లెక్క ఇస్తుంది. అమెరికాలో కప్పు అంటే 240 మి.లీ. డబ్బా మీద 250 మి.లీ.కి ప్రొటీన్ 8 గ్రాములని ఉంటే 8ని 250తో భాగించి 100తో గుణించండి: 3.2.

శాతాలను మాత్రం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోల్చకండి. రోజుకు కావలసిన కాల్షియం అమెరికా లేబుల్‌పై 1300 మి.గ్రా., యూరప్ లేబుల్‌పై 800, మన వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో పెద్దవాళ్లకు 1000. అంటే 25 శాతం అనేది అమెరికాలో 325 మి.గ్రా., యూరప్‌లో 200. ఎప్పుడూ మిల్లీగ్రాములే చూడండి.

ప్రొటీన్: ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే

100 మి.లీ. సోయా పాలలో ప్రొటీన్ సుమారు 3 నుంచి 3.5 గ్రాములు. నాణ్యతలోనూ పాల ప్రొటీన్‌కు దగ్గరగా వచ్చేది సోయానే. ఓట్స్ పాలలో 1 గ్రాము అటూ ఇటూ. బాదం పాలలో అర గ్రాము. కొబ్బరి, బియ్యం డ్రింకుల్లో ఇంకా తక్కువ. బాదం పప్పులో ప్రొటీన్ బోలెడుంది కదా అనిపిస్తుంది, నిజమే. కానీ పదార్థాల జాబితాలో బాదం పక్కన శాతం చూడండి. చాలా డబ్బాల్లో అది 2 నుంచి 3 మాత్రమే, మిగిలినదంతా దాదాపు నీళ్లే. బఠానీ ప్రొటీన్ కలిపినవి కొన్ని మినహాయింపు.

రోజుకు రెండు గ్లాసులు, అంటే 400 మి.లీ. ఆవు పాలు తాగే మనిషి బాదం డ్రింకుకు మారితే ప్రొటీన్ 13 గ్రాముల నుంచి 2 గ్రాములకు పడిపోతుంది. 60 కిలోల మనిషికి రోజుకు కావలసింది సుమారు 50 గ్రాములు కాబట్టి ఇది చిన్న లోటు కాదు. పూడ్చాలంటే ఆ రోజు అదనంగా 50 గ్రాముల కందిపప్పు తినాలి. అలా తినేవారికి బాదం డ్రింకుతో ఇబ్బంది లేదు. తినకపోతే సోయా ఎంచుకోండి.

కాల్షియం: కలిపారా, అది గ్లాసులోకి వస్తోందా

మొక్కల పాలలో సహజంగా ఉండే కాల్షియం చాలా తక్కువ, విడిగా కలిపితేనే 120 దగ్గరికి వస్తుంది. పదార్థాల్లో కాల్షియం కార్బొనేట్ (డబ్బాపై సంకేత సంఖ్య ఐఎన్‌ఎస్ 170) లేదా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ (ఐఎన్‌ఎస్ 341) ఉందో లేదో చూడండి. సోయా పాలలో కార్బొనేట్ కలిపితే అది ఆవు పాల కాల్షియం మాదిరిగానే ఒంటికి పడుతుందని, ఫాస్ఫేట్ కలిపితే కొంత తక్కువ పడుతుందని పరీక్షల్లో తేలింది.

ఈ పొడి నీళ్లలో కరగదు, అడుక్కు దిగుతుంది. కదపకుండా వంచితే మొదటి గ్లాసుల్లో కాల్షియం తక్కువ పడి, చివర్లో నాలుకకు సుద్దలా తగులుతుంది. ప్రతిసారీ పది సెకన్లపాటు గట్టిగా కుదపండి. డబ్బా అయిపోయాక కత్తిరించి చూడండి. అడుగున తెల్లగా పేరుకుని ఉంటే కొన్నదాంట్లో కొంత మీ ఒంట్లోకి చేరలేదన్నమాట.

యూరప్, బ్రిటన్‌లలో ‘ఆర్గానిక్’ అని ఉన్నవాటిలో సాధారణంగా ఈ పోషకాలేవీ కలపరు. ఇంట్లో బాదం నానబెట్టి రుబ్బి తీసిన పాలదీ అదే పరిస్థితి. రుచి బాగుంటుంది గానీ, కాల్షియం కోసం వాటిని నమ్ముకోవద్దు. 50 గ్రాముల రాగిపిండితో చేసిన జావలో సుమారు 180 మి.గ్రా. ఉంటుంది, అది నయం.

బి12, డి, అయోడిన్

మొక్కల్లో బి12 ఉండదు. ఆవు పాలు, పెరుగు మానేసిన శాకాహారికి ఈ ఒక్క అంకె చాలా ముఖ్యం. యూరప్ డబ్బాల్లో 100 మి.లీ.కి బి12 0.38 మైక్రోగ్రాములు, డి 0.75 మైక్రోగ్రాములు తరచూ కనిపిస్తాయి. మన డబ్బాపై విటమిన్ల లెక్కే లేకపోతే కలపలేదనే అనుకుని, డాక్టర్ని అడిగి బి12 మాత్ర వాడండి.

విటమిన్ డి విషయంలో ఆవు పాలనూ గుడ్డిగా నమ్మలేం. ‘+ఎఫ్’ (ఫోర్టిఫైడ్, అంటే పోషకాలు కలిపినవి) గుర్తున్న మన పాల ప్యాకెట్లలో లీటరుకు 5 నుంచి 7.5 మైక్రోగ్రాములే ఉంటుంది. 200 మి.లీ. గ్లాసుకు 1 నుంచి 1.5 వస్తుంది, రోజుకు కావలసింది 15. అయోడిన్ కలిపిన మొక్కల పాలు తక్కువ. ఇంట్లో అయోడిన్ ఉప్పు వాడుతుంటే దిగులు అక్కర్లేదు.

చక్కెర

‘యాడెడ్ షుగర్’ గడినే చూడండి. ఆవు పాలలో ఉండే 5 గ్రాముల సహజ చక్కెర, లాక్టోజ్, అందులోకి రాదు. ఓట్స్ పాలతో జాగ్రత్త: తయారీలో ఎంజైములు పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడతాయి, చక్కెర వేయకపోయినా తీపి వచ్చేది అందుకే. షుగర్ ఉన్నవారికి తీపి లేని సోయా మేలు.

ఎవరికి ఏది వద్దు

ఏడాది నిండని బిడ్డకు తల్లిపాలు, లేదంటే ఫార్ములానే. ఆవు పాలు గానీ ఈ డబ్బాలు గానీ ప్రధాన ఆహారం కాకూడదు. ఆ తర్వాత కూడా పిల్లలకు పాల స్థానంలో ఇవ్వదగ్గది ఫోర్టిఫైడ్ సోయా ఒక్కటే, అదీ పిల్లల డాక్టర్ని అడిగాకే. ఆర్సెనిక్ కారణంగా బియ్యం డ్రింకును ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించే పెద్దవాళ్లు ఆవు పాలు పూర్తిగా మానేసే ముందు పెరుగు, లాక్టోజ్ తీసేసిన పాలు ప్రయత్నించి చూడవచ్చు, పోషకాలు ఏవీ పోవు. పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవారికి మాత్రం ఇవి పనికిరావు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఆ మాత్రకూ కాల్షియం కలిపిన పాలకూ నాలుగు గంటల ఎడం ఉంచాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఫాస్ఫేట్ కలిపినవి కొనే ముందు డాక్టరుకు లేబుల్ చూపించాలి.

పొయ్యి దగ్గర

వేడి కాఫీలో చల్లటి సోయా పాలు పోస్తే ఆ పులుపుకూ వేడికీ విరిగిపోతాయి. పాలను విడిగా గోరువెచ్చగా చేసి గ్లాసులో పోసి, వాటి మీద కాఫీ డికాక్షన్ నెమ్మదిగా పోయండి. తోడు వేస్తే సోయా పాలు పేరుకుంటాయి. బాదం, ఓట్స్ పాలు పిండి ఏదైనా కలపకుండా గట్టిపడవు.