సింగిల్ కాయిల్‌తో క్లీన్ టోన్ – 4వ పాఠం: మళ్లీ పికప్ ఎత్తు దగ్గరికే

పోయిన పాఠంలో ఎలక్ట్రిక్ గిటార్ క్లీన్ టోన్ (పగలని సౌండ్) కోసం "పికప్ కాస్త దించండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కదలికని సిగ్నల్‌గా మార్చేది. అందులో తీగ చుట్ట (కాయిల్) ఒక్కటే ఉంటే సింగిల్ కాయిల్. తప్పు నాదే. కొందరు స్క్రూ తిరిగినంత మేరా దించేసి సౌండ్ పీలగా అయిపోయిందన్నారు. ఇంకొందరు దించినా సౌండ్ పగులుతూనే ఉందన్నారు. అందుకే టోన్ నాబ్ పాఠం వచ్చేసారికి జరిపాను.

పికప్‌కీ తీగకీ మధ్య దూరం కొలిచేటప్పుడు తీగని చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నొక్కి పట్టుకోవాలి. ఓపెన్ తీగ కింద స్కేలు పెట్టి "3 మిల్లీమీటర్లు వచ్చిందండీ" అంటే నాకు ఒళ్లు మండుతుంది. పై ఫ్రెట్లలో వాయించేటప్పుడు తీగ కిందికి వస్తుంది కదా! మీరు 3 అనుకున్నది అక్కడ 2 కూడా ఉండకపోవచ్చు. నెక్ పికప్ (మెడ వైపుది) చివరి ఫ్రెట్ పక్కనే ఉంటుంది, కాబట్టి తేడా అక్కడే ఎక్కువ. నొక్కండి, పోల్ పీస్ (పికప్‌లో ఒక్కో తీగ కింద ఉండే లోహపు ముక్క) పైభాగం నుంచి తీగ అడుగు వరకు కొలవండి. పాత తరహా స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ గిటార్ మోడల్) పికప్‌లకి ఫెండర్ చెప్పేది లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మి.మీ. కాయిల్‌కి చుట్లు పెంచి సిగ్నల్ కాస్త గట్టిగా చేసిన టెక్సస్ స్పెషల్ పికప్‌కి 3.2, 2.4. మీ పికప్ సిగ్నల్ ఇంకా గట్టిదైతే 3.2 దగ్గర మొదలుపెట్టి చెవిని నమ్మండి.

ఇంకో గొడవ. లావు E తీగని 12వ ఫ్రెట్ దాటాక మోగిస్తే, ఒకే తీగలో రెండు శ్రుతులు పోట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది, ట్యూనర్ ఎక్కడా నిలవదు. వెంటనే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) స్క్రూ తిప్పి ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్లలోనూ శ్రుతి కుదరడం) సరిచేయబోతారు. ఆగండి. స్ట్రాట్ తరహా పికప్‌లో సాధారణంగా ఒక్కో పోల్ పీసూ అయస్కాంతమే. మరీ దగ్గరగా ఉంటే తీగని లాగి పట్టుకుంటుంది. ముందు పికప్ దించండి, ఆ తర్వాతే శాడిల్. గిబ్సన్ కంపెనీ 1946లో తెచ్చిన పీ-90 అనే సింగిల్ కాయిల్ పికప్‌లో అయస్కాంతాలు కాయిల్ అడుగున పడుకుని ఉంటాయి, తీగల కిందికి వచ్చేవి ఇనుప స్క్రూలు. లాగుడు తక్కువ, దగ్గరగా పెట్టినా సహిస్తుంది.

దించితే పగలడం తగ్గుతుంది కానీ గట్టి పికప్‌లో ట్రెబుల్ (సన్నని పై ధ్వని) పెద్దగా తిరిగి రాదు. కాయిల్ చుట్లు పెరిగినప్పుడే అది పోయింది. దాన్ని ఆంప్ (ఆంప్లిఫయర్) మీద పెంచుకోవాల్సిందే.

 పాత ఫెండర్ ఆంపుల్లో రెండో ఇన్‌పుట్ సుమారు 6 డెసిబెల్స్ తక్కువ సిగ్నల్ ఇస్తుంది, చాలామంది దాని వైపు చూడనే చూడరు. నేనైతే గిటార్ వాల్యూమ్ 7 దగ్గరే పెట్టి మొదలుపెడతాను. 10 సోలోకి దాచుకుంటాను. 7 దగ్గర సౌండ్ మసకబారితే ట్రెబుల్ బ్లీడ్ (వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ పోకుండా ఆపే చిన్న సర్క్యూట్) కావాలి, దానికి సోల్డరింగ్ ఐరన్ పట్టాలి కాబట్టి ఇప్పుడు కాదు.

అభ్యాసం: మూడు పికప్‌లూ. 3.2 మి.మీ. నుంచి స్క్రూ పావు చుట్టు చొప్పున పైకి, ఒక్కో ఎత్తులో ఒకే జీ కార్డ్, ఒకే బలంతో, ఫోన్‌లో రికార్డు చేయండి. ప్రతిసారీ ఎత్తు కాగితం మీద రాయండి. ఆంప్ మీద ఏ నాబూ ముట్టుకోవద్దు. మర్నాడు పొద్దున కాగితం చూడకుండా విని, పగలడం మొదలైన చోటు చెప్పగలగాలి. ఒక ఆదివారం పోతుంది.