పుండు మానే దారి – 4వ పాఠం: సూదికి ముందు ఉప్పునీళ్లు

పోయిన పాఠంలో రంగు చూసి పుండు సంగతి చెప్పడం నేర్చుకున్నాం. ఎర్రగా, తడిగా, సన్నని గింజల్లాంటి కండ కనిపిస్తే మానుతున్నట్టు. నల్లగానో పచ్చగానో ఉంటే లోపల చచ్చిన కండ మిగిలినట్టు.

ఈసారి ప్రొద్దుటూరు వైపు రైతు అడిగిన ప్రశ్నతో మొదలుపెడదాం. కాడి ఒరుసుకుని ఎద్దు మెడ మీద పుండు పడింది, ఆరు వారాలైనా మానలేదు. మూలకణాల (వేరే రకం కణాలుగా మారగలిగే స్టెమ్ సెల్స్) సూది వేయిస్తే సరిపోతుందా?

సరిపోదు. మూలకణాలు పోయి చర్మంగా మారి గుంత పూడుస్తాయని చాలామంది అనుకుంటారు. కొవ్వులోంచో ఎముక మజ్జలోంచో తీసి పెంచిన ఈ కణాలది ఎక్కువగా దగ్గరుండి పని చేయించే మేస్త్రీ పని. వాపు తగ్గించే, కొత్త రక్తనాళాలను రప్పించే పదార్థాలు వదులుతాయి. గోడ కట్టేది అక్కడున్న కణాలే. చీము, కుళ్లు ఉన్నచోట మేస్త్రీ మాత్రం ఏం చేస్తాడు? పైగా పశువుల పుండ్లకు ఈ వైద్యం ఇంకా చాలావరకు పరిశోధనల్లోనే ఉంది. గుర్రాల కాళ్ల స్నాయువులకు (కండను ఎముకకు కలిపే పట్టీలకు) వాడినంతగా ఎద్దులకు వాడలేదు.

కాబట్టి ముందు కడగడం నేర్చుకుందాం. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు తూచి కలపండి. గుప్పెడు వేస్తే కణాల్లోని నీళ్లు లాగేస్తుంది. తడి నూలుగుడ్డ పుండులో పెట్టి, చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి, లేకుంటే అవన్నీ లోపల పడతాయి. గుడ్డ తీసేసి, పెద్ద సిరంజితో పైనుంచి ధారగా కొట్టండి. సూది తగిలించొద్దు, ఎద్దు తల విదిలిస్తే మీకే గుచ్చుకుంటుంది. కారే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి మురికి పోతోందని మురిసిపోకండి. అది మానబోయే కణాలనూ చంపుతుంది. మా తాత కాలిన ఇంజన్ ఆయిల్ పూసేవాడు. ఈగలు రాలేదు కానీ పుండూ మానలేదు.

శనక్కాయలు విత్తే అదనులో కష్టమే కానీ, పుండు మానేదాకా ఆ మెడ మీద కాడి వేయొద్దు.

ఇంటిపని: పుండు తాకకుండా దానిపైన పారదర్శకమైన కవరు పట్టుకుని, మార్కరుతో అంచు గీసి తేదీ వేయండి. కవరును గళ్ల కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెట్టండి. మూడు రోజులకోసారి గీయండి. రెండు వారాలకు గళ్లు తగ్గకపోతే ఆ కవర్లన్నీ పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.