ఇంటికి రంగు, మూడో పాఠం: ఇల్లంతా ఒకే బిస్కట్ రంగు

కిందటి పాఠంలో గోడ చెమ్మ చూసుకోవడం, పాత డిస్టెంపర్ గీకడం, లప్పం పెట్టి ఎమరీ పేపర్ పట్టడం, ప్రైమర్ కొట్టడం వరకు వచ్చాం. ఇప్పుడు మీ గోడ తెల్లగా, నున్నగా, అరచేత్తో రుద్దితే పొడి అంటకుండా ఉండాలి. అలా లేకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని పూర్తి చేయండి.

ఈసారి మూడు పనులు నేర్చుకుంటాం: రంగు ఎంచుకోవడం, ఎంత కొనాలో లెక్క కట్టడం, మచ్చలు పడకుండా వేయడం. మొదటిదానికే ఎక్కువ సమయం ఇవ్వండి. ఇల్లంతా ఒకే రంగు అనుకున్నప్పుడు ఎంపికలో జరిగిన పొరపాటు ప్రతి గదిలోనూ కనిపిస్తుంది.

జాడ అంటే ఏమిటి

షాపులో బేజ్ అంటారు, మేస్త్రీ బిస్కట్ కలర్ అంటాడు, ఇంట్లో పెద్దవాళ్లు గంధం రంగు అనో మీగడ రంగు అనో అంటారు. ఎవరి మనసులో ఉన్న రంగు వాళ్లది. అందుకే షాపులో పేరు చెప్పి ఊరుకోకండి, షేడ్ కార్డు మీది కోడ్ చెప్పండి. ఇంకో జాగ్రత్త: మన భాషలో ‘పచ్చ’ అంటే కొందరికి పసుపు, కొందరికి ఆకు రంగు. ‘కొంచెం పచ్చగా ఉంది, తగ్గించండి’ అంటే ఎవరు ఏది తగ్గిస్తారో తెలియదు. పసుపు అనండి, లేదా ఆకుపచ్చ అనండి.

బిస్కట్ రంగు అంటే తెల్ల బేస్‌లో కొద్దికొద్దిగా పసుపు, ఎరుపు, నలుపు పడ్డ రంగు. వీటి పాళ్లే దాని జాడను, అంటే బిస్కట్ రంగు లోపల దాగి ఉండే ఇంకో రంగును, నిర్ణయిస్తాయి. పసుపు ఎక్కువైతే మీగడ వైపు పోతుంది. ఎరుపు ఒక చుక్క పెరిగితే గులాబీ జాడ వస్తుంది. పసుపుకు తోడు నలుపు పెరిగితే ఆకుపచ్చ జాడ వస్తుంది. ఆకుపచ్చ ఎక్కడా కలపకపోయినా అంతే, పసుపులో నలుపు కలిస్తే అది ఆలివ్ వైపు మళ్లుతుంది.

కార్డు మీద ఒక్క ముక్కనే చూస్తే ఈ జాడ కంటికి దొరకదు. రెండు పద్ధతులున్నాయి. కార్డులో ఆ పట్టీ చివర ఉన్న అన్నిటికన్నా ముదురు ముక్కను చూడండి. సాధారణంగా పైన లేత ముక్కల్లో దాగిన జాడ అక్కడ బయటపడుతుంది. లేదా మూడు బిస్కట్ రంగుల ముక్కలు తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టండి. ఒక్కో దాన్ని విడిగా చూసినప్పుడు మూడూ ఒకటే అనిపించినా, పక్కపక్కన పెట్టగానే ఒకటి గులాబీగా, ఒకటి పసుపుగా, ఒకటి బూడిదగా విడిపోతాయి.

ముందు నేల చూడండి

గోడ రంగు మారుస్తున్నాం గానీ నేల మార్చడం లేదు. కాబట్టి నేలకు నప్పే జాడనే తీసుకోవాలి. లేత గులాబీ ఛాయ ఉన్న ఐవరీ విట్రిఫైడ్ టైల్స్ మీద పసుపు జాడ బిస్కట్ వేస్తే రెండూ మాసినట్టు కనిపిస్తాయి. అక్కడ కొద్దిగా గులాబీ వైపు ఉన్నదే కుదురుతుంది. నీలి ఛాయ తాండూరు రాళ్లు పరిచిన ఇంట్లో సంగతి తిరగబడుతుంది: బూడిద నేల పక్కన గులాబీ జాడ రెట్టింపుగా తేలుతుంది, బూడిద కలిసిన బిస్కట్ నిలుస్తుంది. పాత ఇళ్లలో ఎర్ర గచ్చు ఉంటే ఎండ పడ్డప్పుడు ఆ ఎరుపు గోడ కింది సగం మీదికి ఎగబాకుతుంది, కాబట్టి ఎరుపు జాడ లేని రంగు తీసుకోండి. టేకు తలుపులకు పాలిష్ వేసి ఉంటే నారింజ ఛాయ కొడుతుంది. దాని పక్కన పసుపు జాడ ఇంకా ముదిరిపోతుంది.

కిటికీ ఎదురుగా ఏముందో కూడా చూడాలి. వేపచెట్టు ఉంటే మధ్యాహ్నం గదిలోకి ఆకుపచ్చ కాంతి వస్తుంది. నాలుగు అడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ ఉంటే, ఆ గోడ రంగే మీ గదిలోకి వస్తుంది.

లైట్లు ముందు, రంగు తర్వాత

మన ఇళ్లలో ఎక్కువగా 6500 కెల్విన్ (వెలుగు ఎంత పసుపో, ఎంత తెలుపో చెప్పే కొలత) ఎల్‌ఈడీ ట్యూబులుంటాయి. ఆ తెల్లటి వెలుగులో నీలం పాలు ఎక్కువ. బూడిద కలిసిన బిస్కట్ దాని కింద సిమెంటు రంగులా కనిపిస్తుంది. 3000 కెల్విన్ పసుపు బల్బు కింద మీగడ జాడ రంగు పసుపు రాసినట్టు మారుతుంది. ‘పగలు బాగుంది, రాత్రి బాగాలేదు’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఇల్లంతా ఒకే రంగు వేస్తున్నప్పుడు, ఒక చోట నిలబడితే కనిపించే గదులన్నిటిలో ఒకే కెల్విన్ లైట్లు ఉండాలి. 4000 కెల్విన్ మధ్యస్థంగా ఉంటుంది, మా ఓటు దానికే. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అంకె (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది) రాసి ఉంటే 80కి తగ్గకుండా చూడండి, 90 దొరికితే మేలు.

లైట్లు మార్చే ఉద్దేశం ఉంటే రంగు పరీక్షకు ముందే మార్చండి. తర్వాత మారిస్తే పరీక్ష దండగ.

ఎంత లేత, ఎంత ముదురు

రంగు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చెప్పే అంకెను ఎల్‌ఆర్‌వి అంటారు. నలుపు సున్నా, తెలుపు 100. ఇల్లంతా వేయడానికి 55 నుంచి 65 మధ్య ఉన్న బిస్కట్ అనుకూలం. 50కి దిగువన ఉంటే కిటికీ లేని నడవ పగలే చీకటి కొడుతుంది. 72 దాటితే తూర్పు ఎండ పడే హాల్లో అది బిస్కట్‌గా నిలవదు, మామూలు తెలుపైపోతుంది.

నాలుగు గోడలూ ఒకదాని రంగును ఒకటి తిప్పుకుంటాయి కాబట్టి, గది పూర్తయ్యాక రంగు కార్డు మీదికన్నా చిక్కగా కనిపిస్తుంది. కార్డు మీద మీకు సరిగ్గా సరిపోయిందనిపించిన ముక్కకన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి. నడవకు మాత్రం అదే పట్టీలో ఇంకో మెట్టు లేతది వేయవచ్చు. చూసేవాళ్లకు రెండూ ఒకటే రంగులా ఉంటాయి.

సీలింగ్ దగ్గర ఒక పాత అలవాటు మానిపించాలి. సున్నంలో నీలిమందు కలిపినట్టే, సీలింగ్ తెలుపు మెరవాలని కొందరు మేస్త్రీలు నీలం స్టెయినర్ రెండు చుక్కలు వేస్తారు. తెల్ల గోడలకు అది బాగానే ఉంటుంది. బిస్కట్ గోడ మీద నీలి తెలుపు సీలింగ్ వస్తే గోడ పొగచూరినట్టు కనిపిస్తుంది. ‘నీలం వేయొద్దు’ అని పని మొదలయ్యే ముందే చెప్పండి.

చార్టు పరీక్ష

రంగుకు ఒకటి చొప్పున మూడు తెల్ల డ్రాయింగ్ చార్టులు కొనండి. చిన్న శాంపిల్ డబ్బాలు దొరికితే అవి తీసుకోండి, లేకపోతే ఒక్కో లీటరు. ఆ ఖర్చుకు వెనకాడకండి, ఇల్లంతా మళ్లీ వేయించే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. చార్టు మీద చిన్న రోలర్‌తో ఒక కోటు వేసి, నాలుగు గంటలు ఆరాక రెండోది వేయండి. పూర్తిగా ఆరేదాకా తీర్పు చెప్పకండి. ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) తడిగా ఉన్నప్పుడు లేతగా, ఆరాక కాస్త ముదురుగా ఉంటుంది.

చార్టును గది మూలలో, సగం ఒక గోడ మీద, సగం రెండో గోడ మీద ఉండేలా మడిచి అంటించండి. ఉదయం 8కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 5:30కి, రాత్రి లైట్లు వేశాక చూసి నోట్‌బుక్‌లో ఒక్కో మాట రాయండి. రెండు రోజులు హాల్లో, రెండు రోజులు పడకగదిలో, ఒక రోజు నడవలో ఉంచండి. అన్ని చోట్లా అద్భుతంగా ఉండే రంగు కోసం చూడకండి. ఏ చోటా, ఏ వేళా గులాబీగానో సిమెంటులాగానో మారని రంగును తీసుకోండి.

లెక్క

గది చుట్టుకొలతను ఎత్తుతో గుణించి, తలుపులు, కిటికీలు తీసేయాలి. ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకుందాం, ఎత్తు 10 అడుగులు. హాలు 11×18: చుట్టుకొలత 58, గోడలు 580 చదరపు అడుగులు. పడకగదులు 11×12, 10×11: 460, 420. వంటగది 8×9: 340. నడవకు 12 అడుగుల గోడలు రెండు: 240. మొత్తం 2,040.

తీసేయాల్సినవి: తలుపులు 3×7 చొప్పున 21, గదికో ముఖంగా లెక్కిస్తే 9 ముఖాలు, 189. కిటికీలు 4×4 చొప్పున 5, అంటే 80. వంటగది గట్టు, టైల్స్ 75. వార్డ్‌రోబులు రెండు 84. అంతా 428. మిగిలింది 1,612 చదరపు అడుగులు.

బాగా లప్పం పెట్టి ప్రైమర్ వేసిన గోడ మీద మంచి ఎమల్షన్ రెండు కోట్లకు లీటరుకు 130 చదరపు అడుగుల దాకా వస్తుందని వేసుకోండి, మీ డబ్బా మీద వేరే అంకె ఉంటే అదే వాడండి. 1,612ను 130తో భాగిస్తే 12.4 లీటర్లు. పది శాతం కలిపితే 13.6. అంటే 10 లీటర్లది ఒకటి, 4 లీటర్లది ఒకటి.

ఈ రెండూ ఒకే రోజు, ఒకే షాపు మెషిన్‌లో కలిపించండి. ఇంటికి తెచ్చాక రెండు డబ్బాలూ ఒక పెద్ద బకెట్లో పోసి కర్రతో అడుగు దాకా కలిపి, తిరిగి డబ్బాల్లో నింపండి. మెషిన్ ఎంత కచ్చితమైనదైనా డబ్బాకూ డబ్బాకూ చిన్న తేడా రావచ్చు. తెల్ల రంగులో అది తెలియదు, బిస్కట్‌లో గోడ మధ్యన గీతలా తెలుస్తుంది. ఇల్లంతా ఒకే రకం ఎమల్షన్ వాడటం కూడా ఇందుకే. ఒకే కోడ్‌ను మాట్‌లో ఒకసారి, మెరుపు ఉన్నదానిలో ఒకసారి కలిపిస్తే రెండు రంగుల్లా కనిపిస్తాయి. లప్పం నున్నగా కుదిరితే కడగడానికి వీలైన లేత మెరుపు రకం, గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మాట్.

వేసేటప్పుడు

నీళ్లు కొలిచి పోయండి. డబ్బా మీద 40 శాతం అని ఉంటే లీటరు రంగుకు 400 మిల్లీలీటర్లు, ప్రతి బకెట్‌కూ అంతే. కంటి లెక్కన పోస్తే ఒక బకెట్ పలచనై, ఆ భాగంలో కింది తెలుపు తొంగిచూస్తుంది.

గోడ అంచులు, స్విచ్ బోర్డు చుట్టూ రెండంగుళాల బ్రష్‌తో గీసుకుని, మధ్యలో 9 అంగుళాల రోలర్ ఆడిస్తాం. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గది మొత్తానికి ముందు అంచులు గీసి, తర్వాత తీరిగ్గా రోలర్ పట్టుకుంటే ఆ అంచులు ఆరిపోతాయి. వాటి మీదికి రోలర్ పొర ఎక్కి, గోడ చుట్టూ మూడు నాలుగు అంగుళాల ముదురు పట్టీ, ఫొటో ఫ్రేమ్ కట్టినట్టు మిగిలిపోతుంది. ఒక గోడ అంచు గీయగానే, తడి ఉండగానే, ఆ గోడకే రోలర్ వేయండి. మూల నుంచి మూల దాకా ఆపకుండా పూర్తి చేశాకే విరామం. మే నెల ఎండల్లో ఫ్యాన్ ఆపేసి, ఉదయం పదకొండులోపు రెండు గోడలు చాలు.

లప్పంతో సరిచేసిన చోట ప్రైమర్ పడకపోతే అక్కడ గోడ రంగును పీల్చేసి, అరచేతి వెడల్పు మసక మచ్చ తేలుతుంది. మీద ఇంకో కోటు వేస్తే పోదు. ఆ చోటును 220 నంబరు ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, ప్రైమర్ ముట్టించి, గోడ మొత్తానికి ఒక కోటు వేయాలి. గోడ మధ్యలో బ్రష్‌తో అతుకు వేస్తే అది జీవితాంతం కనిపిస్తుంది.

అభ్యాసం

వచ్చే పాఠానికి మీ ఇంటి గదుల కొలతలు, తీసేయాల్సినవి, లీటర్ల లెక్క ఒక పేజీలో రాసుకోండి. చార్టు పరీక్ష రాతలు దాని వెనక రాయండి. పని పూర్తయిన వాళ్లు మిగిలిన రంగును అంచు దాకా నిండే చిన్న డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి, దాని మీద కోడ్, ఎమల్షన్ రకం, తేదీ, కలిపిన నీళ్ల శాతం రాయండి. తలుపులు, కిటికీ గ్రిల్స్‌కు ఎనామెల్ ఎంచుకునేటప్పుడు ఆ డబ్బాతోనే పని, పారేయకండి.