షాట్‌పుట్ నేర్పుతుంటే ఒక తాడు కట్టండి

45 డిగ్రీల కోణంలో విసిరితే ఎక్కువ దూరం పోతుందని ఫిజిక్స్‌లో చదువుకున్నాం కదా అని నేనూ కొన్నేళ్లు పిల్లలతో "ఇంకా పైకి, ఇంకా పైకి" అనే అరిచాను. గుండు పైకి లేచేది, దగ్గర్లోనే దబ్బున పడేది.

ఆ 45 లెక్క, వదిలిన ఎత్తులోనే వచ్చి పడే వస్తువుకి. షాట్‌పుట్‌లో గుండు భుజం పైనుంచి బయల్దేరి నేల మీద పడుతుంది, కాబట్టి కోణం కాస్త తగ్గాలి. అసలు విషయం ఇంకోటుంది. జిమ్‌లో బెంచ్ మీద పడుకుని ఎత్తే బరువు, నిలబడి తలపైకి నెట్టగలమా? నెట్టలేం. చెయ్యి నిటారుగా అయ్యేకొద్దీ ఛాతీ బలం అందదు, గుండు వేగం పడిపోతుంది. దూరాన్ని తేల్చేది ముఖ్యంగా ఆ వేగమే. అందుకే పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా 35 డిగ్రీలకు అటూ ఇటూగా వదులుతారు.

ఇప్పుడు పిల్లలకు డిగ్రీలు చెప్పడం మానేశాను. గుండు వదిలే చోటికి రెండు మీటర్ల ముందు, వాళ్ల చెయ్యి వదిలే ఎత్తుకన్నా ఓ మీటరు పైన, వేపకొమ్మకీ గుంజకీ మధ్య సన్నటి తాడు కడతాను. "తాడును రాసుకుంటూ పోవాలి" అంటే చాలు, ఆరో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది. తాడుకి బాగా పైనుంచి పోతే నిటారుగా నెడుతున్నట్టు. కిందనుంచి పోతే ముందు మోచెయ్యి చూడండి, జారిపోయి ఉంటుంది.

తాడు అవతల మాత్రం ఎవర్నీ నిలబడనివ్వకండి, గుండు ఏరేవాళ్లతో సహా.