పాత జూనో-106లో ఆరు వాయిస్‌లూ పలుకుతున్నాయో లేదో ఎలా చూసుకోవాలి?

వరుసగా స్వరాలు వాయిస్తూ పోతుంటే ప్రతి ఆరో స్వరం దగ్గర శబ్దం సన్నబడుతోందా? చిటపటమంటోందా? లేక మూగబోతోందా? అలా అయితే తప్పు మీ వేళ్లది కాదు. జూనో-106 అనే సింథసైజర్‌లో (ఎలక్ట్రానిక్ కీబోర్డులో) ఆరు వాయిస్‌లుంటాయి, అంటే ఒక్కోటి ఒక్కో స్వరాన్ని పలికించే ఆరు భాగాలు. మీరు కీ నొక్కినప్పుడల్లా ఒక్కో వాయిస్ వంతు వస్తుంది. వాటిలో ఒకటి చెడిపోతే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కినప్పుడు పెద్దగా తెలియదు, ఒక్కో స్వరం వాయించినప్పుడే బయటపడుతుంది.

జపాన్ కంపెనీ రోలాండ్ దీన్ని 1984లో తెచ్చింది. మా బరంపురంలో పెళ్లి స్టేజీల మీద ఒక తెలుగు పాట, ఒక ఒడియా పాట వరుసగా సాగుతాయి. వాటి కింద పరుచుకునే స్ట్రింగ్స్‌కి (వయొలిన్ల గుంపులాంటి శబ్దానికి) ఈ వాయిద్యమంటే నాకు ప్రాణం. దీని శబ్దం గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది, గాయకుడి గొంతును తొక్కదు. కానీ నలభై ఏళ్ల వయసున్న సామాను. కొనేముందు, కొన్నాక కూడా, కింద చెప్పిన వరుసలోనే చూడండి.

ముందు కరెంటు

వెనక పలక మీద ఎన్ని వోల్టులని రాసుందో చదవకుండా ప్లగ్ పెట్టకండి. జపాన్ నుంచి వచ్చినవి 100 వోల్టులవి, అమెరికావి 117. మన గోడ సాకెట్‌లో వచ్చేది 230. తేడా ఉంటే సరైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఊరి బయట జెనరేటర్ మీద ప్రోగ్రాం అయితే స్టెబిలైజర్ కూడా పెట్టండి.

గోపాల్‌పూర్ సముద్రం మాకు దగ్గర కాబట్టి గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను పోయాక మా ఇంట్లో చెక్క బీరువా తలుపులు కూడా చాలా రోజులు మూతపడలేదు. అలాంటి రోజుల్లో మూలన పడున్న కీబోర్డును తెచ్చి వెంటనే ఆన్ చేయొద్దు. రెండు మూడు రోజులు పొడి గదిలో, ఫ్యాను గాలికి ఉంచాకే ప్లగ్ పెట్టండి. తర్వాత కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

ఆరు వాయిస్‌ల పరీక్ష

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కిపట్టుకుని పవర్ ఆన్ చేయండి. పరీక్ష మోడ్ వస్తుంది. ఇప్పుడు కీ నొక్కినప్పుడల్లా ఏ వాయిస్ మోగుతోందో డిస్‌ప్లే మీద అంకె కనిపిస్తుంది. బ్యాంక్ బటన్లు మారిస్తే ఒక్కోటి ఒక్కో రకం పరీక్ష శబ్దాన్ని తెస్తుంది. ఒక్కో శబ్దానికీ ఆరు అంకెలూ వచ్చేదాకా వాయించి, హెడ్‌ఫోన్స్‌లో వినండి. స్పీకర్లో తప్పించుకునే చిన్న గరగర కూడా హెడ్‌ఫోన్స్‌లో దొరుకుతుంది.

కాగితం మీద ఒకటి నుంచి ఆరు దాకా రాసి, పక్కన విన్నది రాసుకోండి: “సన్నగా ఉంది”, “గరగర”, “కీ వదిలినా ఆగట్లేదు”. అరగంట వేడెక్కాక మళ్లీ ఒకసారి చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి చెడేవి ఉంటాయి, దానికి తిరగబడినవీ ఉంటాయి.

ఇలా చెడడానికి కారణం చాలాసార్లు ఒక్కటే. ఒక్కో వాయిస్‌కి 80017ఎ అనే చిన్న మాడ్యూల్ ఉంటుంది. శబ్దంలో పదునును కోసే ఫిల్టరూ, శబ్దం పెంచే తగ్గించే భాగమూ అందులోనే. దాని మీద పూసిన నల్లటి పూత ఏళ్లు గడిచేకొద్దీ మాడ్యూల్‌ను పాడుచేస్తుంది. దాన్ని విప్పి అసిటోన్‌లో నానబెట్టి పూత తీసేస్తే కొన్ని తిరిగి పలుకుతాయి. పలకకపోతే ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్న మాడ్యూళ్లు వేయించాలి. అసిటోన్ ఇట్టే అంటుకునేది, బోర్డు దగ్గర మెయిన్స్ కరెంటు ఉంటుంది. సోల్డరింగ్ చేయి తిరిగిన మనిషికే ఇవ్వండి, ఇచ్చేటప్పుడు మీ కాగితం కూడా ఇవ్వండి. ఏ వాయిస్ చెడిందో చెబితే అతను వెతుక్కునే పని తప్పుతుంది.

శ్రుతి తప్పుతుందేమోనని మాత్రం కంగారు పడొద్దు. ఇందులో శబ్దపు అలలను పుట్టించే ఆసిలేటర్ల కాలాన్ని డిజిటల్ గడియారం నడుపుతుంది, అలల ఆకారం మాత్రం అనలాగ్. అందుకే అంతకుముందు తరం ప్రొఫెట్-5 లాంటి సింథసైజర్లకు ఉన్న శ్రుతి బాధ దీనికి లేదు. ఎండలో నాలుగు గంటల స్టేజీకైనా నిలబడుతుంది.

బ్యాటరీ, స్లైడర్లు

లోపల సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే 128 ప్యాచ్‌లూ (దాచుకున్న శబ్దాలూ) మాయం. మార్చేముందు వెనకున్న టేప్ సేవ్ జాక్ నుంచి లాప్‌టాప్‌లోకి వేవ్ ఫైల్‌గా రికార్డు చేసుకోండి. ఎంపీ3 వద్దు, తిరిగి ఎక్కకపోవచ్చు. గరగరలాడే స్లైడర్లకు ప్లాస్టిక్‌ని తినని కాంటాక్ట్ క్లీనర్ చాలు.

ఇప్పుడు వాయించండి

స్ట్రింగ్స్ కోసం: సా అల (రంపపు పళ్ల ఆకారంది) ఆన్, పల్స్ అల (చతురస్రంలాంటిది) కూడా ఆన్. పల్స్ వెడల్పు స్విచ్‌ను ఎల్‌ఎఫ్‌ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే అల) వైపు పెట్టి, దాని వేగం బాగా తగ్గించండి. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ ఐదారు మధ్య, రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోట శబ్దాన్ని ఉబ్బించేది) కొంచెమే. అటాక్ (శబ్దం పైకి లేచే సమయం) నాలుగు, రిలీజ్ (కీ వదిలాక ఆగే సమయం) ఐదు, సస్టెయిన్ (కీ పట్టుకున్నంతసేపూ నిలిచే స్థాయి) పూర్తిగా. కింది శబ్దాన్ని కోసే హైపాస్ స్లైడర్ సున్నాలో బేస్ ఉబ్బుతుంది, ఒకటిలో మామూలుగా ఉంటుంది. మా బృందంలో ఢోలు, బేస్ గిటార్ రెండూ ఉంటాయి కాబట్టి నేను రెండులోనే పెడతాను, పాట స్పష్టంగా వినిపిస్తుంది.

ముందు కోరస్ (శబ్దాన్ని వెడల్పు చేసే ఎఫెక్ట్) ఆపేసి వాయించండి. కొంచెం బోసిగా అనిపిస్తుంది. ఇప్పుడు కోరస్ 1 నొక్కండి. అదే స్వరం ఎడమకీ కుడికీ విచ్చుకుంటుంది. వెనక సన్నటి ‘హిస్’ వినిపిస్తే అది చెడు కాదు, కోరస్ చిప్‌ల స్వభావమే అంత. స్టేజీకి మోనో వైరు ఒకటే వేసుకుంటే ఈ విచ్చుకోవడం పోతుంది, కాబట్టి మిక్సర్‌లో రెండు ఛానెళ్లు అడగండి.

నచ్చిన శబ్దం దొరికాక సేవ్ చేసేముందు వెనకున్న మెమరీ ప్రొటెక్ట్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. సేవ్ అయ్యాక దాన్ని మళ్లీ ఆన్ చేసేయండి.