‘చార్జ్’ అనే ఒక్క ఇంగ్లిష్ మాటను పూర్తిగా నేర్చుకోవడం ఎలా?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడినా ‘రోజుకు పది కొత్త పదాలు’ లాంటి పుస్తకాలు, స్పైరల్ బైండింగ్ నోట్సులు కనిపిస్తాయి. వాటిలో చాలా మాటలు పరీక్ష హాలు దాటాక మళ్లీ ఎదురుపడవు. పొద్దున లేస్తే మన నోట్లో నలిగే ఇంగ్లిష్ మాటలకు మాత్రం ఆ జాబితాల్లో చోటుండదు. అవి మనకు వచ్చు కదా అనుకుంటాం. కానీ ఇంటర్వ్యూలోనో, బ్యాంకు కౌంటర్ దగ్గరో, మెయిల్ రాసేటప్పుడో మనల్ని ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టేవి ఆ వచ్చనుకున్న మాటలేనని నా గట్టి నమ్మకం. పది మాటల అర్థాలు బట్టీ పట్టే సమయంలో ఒక్క మాటను వేళ్లతో సహా తెలుసుకుంటే ఎక్కువ లాభం. అది ఎలాగో ‘చార్జ్’ అనే మాటతో చెబుతాను. ఇదే పద్ధతి ఏ మాటకైనా పనికొస్తుంది. ఒక వారం, ఒక నోటుబుక్కు, ఇంట్లో ఉన్న కరెంటు బిల్లు చాలు.

1. ముందు వినండి, విన్నది వాక్యంగా రాసుకోండి

డిక్షనరీ అప్పుడే తెరవొద్దు. రెండు మూడు రోజులు ‘చార్జ్’ ఎక్కడ వినిపిస్తే అక్కడ రాసుకోండి. హైదరాబాద్‌లో ఇందుకు వెతుక్కోనక్కర్లేదు. బస్సెక్కితే బస్సు చార్జీలు. ఫోన్ తీస్తే ‘చార్జింగ్ అయిపోయింది’. పేపర్లో లాఠీచార్జి, చార్జిషీటు, జిల్లా ఇన్‌చార్జి మంత్రి. కొత్త కలెక్టర్ చార్జి తీసుకున్నారన్న వార్త. ఆఫీసులో ఎవరికో వచ్చిన చార్జ్ మెమో. బంగారం కొట్టులో మేకింగ్ చార్జీలు. ఆసుపత్రిలో డిశ్చార్జ్.

ఒంటి మాట రాసుకుంటే ప్రయోజనం లేదు, మొత్తం వాక్యం కావాలి. ఎవరు, ఎవరిని, దేనికి అన్నవి వాక్యంలోనే తెలుస్తాయి. తర్వాతి మెట్లన్నీ వాటి మీదే నడుస్తాయి.

2. ఆ మాట తీసేసి తెలుగులో చెప్పి చూడండి

రాసుకున్న ప్రతి వాక్యాన్నీ ‘చార్జ్’ అనకుండా చెప్పండి. బస్సు చార్జీ అంటే టికెట్ డబ్బు. చార్జి తీసుకోవడం అంటే బాధ్యతలు స్వీకరించడం. చార్జిషీటు అంటే అభియోగపత్రం. ఫోన్ చార్జ్ చేయడం అంటే బ్యాటరీలోకి కరెంటు ఎక్కించడం. లాఠీచార్జి అంటే పోలీసులు లాఠీలతో జనం మీద పడటం.

డబ్బు, బాధ్యత, నేరం, కరెంటు, దాడి. ఐదు అర్థాలూ ఐదు దిక్కులకు పోతున్నట్టు ఉంటాయి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘ఈ మాటకు ఐదు అర్థాలు’ అని బట్టీ పడతారు. మీరు ఇంకొంచెం ముందుకెళ్లండి. పన్నుల భారం మోపారు, బాధ్యత మోపారు, నేరం మోపారు అని తెలుగులోనూ అంటాం. ఈ మూడింటికీ మనకు ఒకే క్రియ ఉందని ఎప్పుడైనా గమనించారా?

3. మాట పుట్టుక చూడండి

ఇంగ్లిష్‌లోకి ‘చార్జ్’ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్‌లో ‘కర్రుస్’ అనే మాట ఉంది. కర్రుస్ అంటే బండి. దాని నుంచి వచ్చిన క్రియకు బండి మీద సరుకు ఎక్కించడం అని అర్థం. కార్, క్యారీ, కార్గో కూడా ఆ కుదురు నుంచి వచ్చినవే.

అంటే ‘చార్జ్’ గుండెకాయ బరువు ఎక్కించడం. మీ జేబు మీద ఎక్కిస్తే రుసుము, మీ భుజాల మీద ఎక్కిస్తే బాధ్యత, మీ పేరు మీద ఎక్కిస్తే అభియోగం. బ్యాటరీలోకి ఎక్కిస్తే చార్జింగ్. పాత తుపాకీలో మందు కూరడాన్ని కూడా చార్జ్ అనే అనేవారు. మనిషో జంతువో దూసుకొచ్చి తన బరువంతా మీద పడేయడాన్ని తలచుకుంటే దాడి అన్న అర్థం కూడా గుర్తుండిపోతుంది. ఐదు అర్థాలూ ఒక తాటి మీదికి వచ్చాయి.

ప్రతి మాటకూ పుట్టుక ఇంత చక్కగా కలిసిరాదు. కలిసొచ్చిన చోట మాత్రం వదులుకోవద్దు, బట్టీ పట్టే బాధ సగం తప్పుతుంది.

4. ఇప్పుడు డిక్షనరీ తెరవండి

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు కంటే ముందు లెర్నర్స్ డిక్షనరీ చూడండి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసం తయారైన రకం ఇది. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలపురుషుడైన ఏ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మాస్టారు. దాని తొలి రూపం 1942లో అక్కడే అచ్చయింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అచ్చు పుస్తకమే కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతుల కోసం వెతకండి. ‘చార్జ్’ లాంటి పాత మాటకు పాత ప్రతి చక్కగా సరిపోతుంది.

అందులో అర్థాలను కాపీ చేసుకోవద్దు. మూడు విషయాలు చూడండి. మొదటిది, మాట నామవాచకమా, క్రియా. రెండోది, నామవాచకమైతే లెక్కపెట్టదగినదా కాదా. విడివిడి రుసుములైతే ‘చార్జెస్’ అని బహువచనం వస్తుంది. ‘ఫ్రీ ఆఫ్ చార్జ్’, ‘ఇన్ చార్జ్’ లాంటి పదబంధాల్లో ఏకవచనమే ఉంటుంది. మూడోది, ఉదాహరణ వాక్యాలు. అసలు సరుకంతా వాటిలోనే ఉంటుంది. మీరు రాసుకున్న ఒక్కో వాక్యం పక్కన డిక్షనరీలోంచి దానికి దగ్గరైన ఒక్కో వాక్యం ఎత్తి రాయండి.

తెలుగు మాట కావాల్సినప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో వెతకండి, చాలా నిఘంటువులు ఒకే చోట దొరుకుతాయి. కాకపోతే అక్కడ పది సమానార్థకాలు వరసగా ఉంటాయి. ఏది ఎక్కడ అతుకుతుందో చెప్పేది మీ వాక్యమే.

5. పక్కన వచ్చే చిన్న మాటను పట్టుకోండి

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ‘చార్జ్’ అర్థాన్ని తేల్చేది చాలాసార్లు దాని వెనకొచ్చే చిన్న మాటే.

జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ స్క్రీన్ మార్పించారనుకోండి. ‘నాకు రెండు వేలు చార్జ్ చేశారు’ అంటాం. ఆ ‘నాకు’ను పట్టుకుని ‘దే చార్జ్‌డ్ టూ థౌజండ్ రుపీస్ టు మీ’ అనేస్తాం. ఇంగ్లిష్‌లో ఆ ‘టు’ రాదు. ‘దే చార్జ్‌డ్ మీ టూ థౌజండ్ రుపీస్ ఫర్ ద స్క్రీన్’ అనాలి. చార్జ్ వెనకే మనిషి, ఆ వెనక డబ్బు, చివర ‘ఫర్’ పెట్టి వస్తువు. ‘టు’ వచ్చే చోటు వేరే ఉంది. కార్డు మీదో ఖాతా మీదో వేసినప్పుడు ‘చార్జ్ ఇట్ టు మై కార్డ్’ అంటారు.

‘విత్’ వస్తే కథే మారిపోతుంది. ‘హి వాజ్ చార్జ్‌డ్ విత్ థెఫ్ట్’ అంటే అతని మీద దొంగతనం నేరం మోపారని. బాధ్యతకు కూడా ఇదే వాడతారు. ‘ద కమిటీ ఈజ్ చార్జ్‌డ్ విత్ ప్రిపేరింగ్ ద రిపోర్ట్’ అంటే నివేదిక తయారు చేసే పని ఆ కమిటీకి అప్పగించారని. అందుకే ‘ఐ వాజ్ చార్జ్‌డ్ విత్ ఫిఫ్టీ రుపీస్’ అంటే వినేవాళ్లు తికమక పడతారు.

‘ఎట్’ వస్తే మీదికి దూసుకురావడం. ‘ద బుల్ చార్జ్‌డ్ ఎట్ హిమ్’ అంటే ఎద్దు అతని మీదికి దూకింది.

‘ఇన్ చార్జ్ ఆఫ్’ అంటే బాధ్యత చూసుకోవడం. ‘షి ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద వార్డ్’ అంటే వార్డు బాధ్యత ఆమెదే. ఇన్, చార్జ్ అని రెండు మాటలుగా రాయాలి. మన దగ్గర ‘ల్యాబ్ ఇన్‌చార్జ్’, ‘హాస్టల్ ఇన్‌చార్జ్’ అంటూ మనిషికే పేరుగా వాడతాం. భారతీయ ఇంగ్లిష్‌లో అది స్థిరపడిన వాడుక, మన ఆఫీసుల్లో తప్పేమీ కాదు. బయటి దేశపు కంపెనీకి రెజ్యుమే పంపేటప్పుడు మాత్రం ‘ఐ వాజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద ల్యాబ్’ అని రాయండి.

6. తెలుగులో వాడుక, ఇంగ్లిష్‌లో వాడుక ఎక్కడ విడిపోతాయో చూడండి

మన భాషలోకి వచ్చిన ఇంగ్లిష్ మాట మన దారిన మనం నడిపించుకున్న మాట. అందులో తప్పులేదు. మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు తేడా తెలిసుంటే చాలు.

‘ఫోన్లో చార్జింగ్ లేదు’ అంటాం. ఇంగ్లిష్‌లో చార్జింగ్ అంటే ఎక్కించే పని మాత్రమే. లోపల మిగిలి ఉన్నదాన్ని బ్యాటరీ అనో చార్జ్ అనో అంటారు. కాబట్టి ‘మై బ్యాటరీ ఈజ్ లో’ అనండి. రిపేరు కొట్టులో ‘అన్నా, చార్జింగ్ నిలబడ్తలేదు’ అంటాం కదా, దానికి ఇంగ్లిష్‌లో అచ్చంగా సరిపోయే మాట ఉంది: ‘ఇట్ డజంట్ హోల్డ్ ఎ చార్జ్’.

బస్సు చార్జీని ఇంగ్లిష్‌లో ‘ఫేర్’ అంటారు. ప్రయాణానికి ఫేర్, స్కూలుకూ లాయరుకూ ఫీజు, తప్పు చేస్తే ఫైన్, ఇతర సేవలకు ఎక్కువగా చార్జ్. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లు తీసుకునే జీరో టికెట్ గురించి చెప్పాలంటే ‘ఉమెన్ ట్రావెల్ ఫ్రీ ఆఫ్ చార్జ్’ అనొచ్చు. ఇక్కడ ఫేర్ బదులు చార్జ్ ఎందుకంటే, ‘ఫ్రీ ఆఫ్ చార్జ్’ అనేది విడదీయకుండా వాడే పదబంధం.

లాఠీచార్జి భారతదేశపు ఇంగ్లిష్‌లో పుట్టిన మాట. బ్రిటన్‌లో ‘బేటన్ చార్జ్’ అంటారు.

చార్జిషీటు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ మాట సరిగా తెలియక మనుషుల పరువు పోతోంది. పోలీసులు దర్యాప్తు పూర్తిచేసి కోర్టుకు ఇచ్చేదే చార్జిషీటు. చట్టం భాషలో అది పోలీస్ రిపోర్ట్. 2024 జూలై 1న, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినా ఈ వాడుక మారలేదు. దాన్ని చూశాక సరైన ఆధారం లేదనిపిస్తే కోర్టు ‘డిశ్చార్జ్’ చేయొచ్చు. ఉందనిపిస్తే ‘చార్జెస్ ఫ్రేమ్’ చేస్తుంది, అప్పుడు విచారణ మొదలవుతుంది. నేరం రుజువైందా లేదా అన్నది ఆ విచారణ చివర తేలే మాట. ‘ఫలానా ఆయన మీద చార్జిషీటు వేశారట’ అన్న వార్త చదివి, ఆయన దోషి అని తేలినట్టు వాట్సాప్ గ్రూపులో పంపేయడం అన్యాయం.

7. చుట్టాలను కూడా పలకరించండి

బరువు ఎక్కించడం చార్జ్ అయితే, దించడం డిశ్చార్జ్. ఈ ఒక్క సూత్రంతో ఆసుపత్రి నుంచి పంపడం, డ్యాం గేట్లెత్తి నీళ్లు వదలడం, కోర్టు ఒకరిని కేసు నుంచి విడిచిపెట్టడం అన్నీ అర్థమవుతాయి. వాడుకలో మాత్రం ఒక చిక్కుంది. ‘అమ్మ ఎప్పుడు డిశ్చార్జ్ అవుతుంది?’ అన్నది తలలో పెట్టుకుని ‘వెన్ విల్ షి డిశ్చార్జ్?’ అంటాం. ‘వెన్ విల్ షి బి డిశ్చార్జ్‌డ్?’ అనాలి. ఆమెను ఆసుపత్రి వాళ్లు పంపుతారు, అందుకే ఆ ‘బి’. చెవి నొప్పితో వెళ్లినప్పుడు డాక్టరు ‘ఈజ్ దేర్ ఎనీ డిశ్చార్జ్?’ అని అడిగితే చీము, నీరు కారుతోందా అని. ఈ అర్థం తెలియక తప్పు జవాబు చెబితే వైద్యానికే ఇబ్బంది.

రీచార్జ్ అంటే మళ్లీ ఎక్కించడం. ఫోన్ ప్లానే కాదు, ఇంకుడు గుంతతో భూగర్భ జలాలను నింపడాన్ని కూడా గ్రౌండ్‌వాటర్ రీచార్జ్ అంటారు. సర్‌చార్జ్ అసలు రుసుము మీద అదనంగా వేసేది. ఓవర్‌చార్జ్ అంటే ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ వసూలు చేయడం.

8. ఆ వారంలోనే వాడేయండి

కరెంటు బిల్లు తీసి ఇంట్లో ఎవరికైనా ఇంగ్లిష్‌లో వివరించండి. అందులో ఎనర్జీ చార్జెస్, ఫిక్స్‌డ్ చార్జెస్, కస్టమర్ చార్జెస్ అని వేర్వేరు వరుసలు ఉంటాయి. ఎనర్జీ చార్జెస్ కాల్చిన యూనిట్లకు. ఫిక్స్‌డ్ చార్జెస్ కనెక్షన్‌కు రాసిన లోడ్‌ను బట్టి. ‘వాట్ ఆర్ వి బీయింగ్ చార్జ్‌డ్ ఫర్?’ అని అడిగి, ఒక్కో వరుసకూ ‘వి ఆర్ చార్జ్‌డ్ ఫర్...’ అని జవాబు మీరే చెప్పండి. పైకి వినపడేలా చెప్పాలి.

తర్వాత మీ పనికి సంబంధించి మూడు వాక్యాలు రాయండి. ఒకటి డబ్బు గురించి, ఒకటి బాధ్యత గురించి, ఒకటి ఫోన్ గురించి. రెండు రోజులాగి, పుస్తకం చూడకుండా మళ్లీ రాయండి. ‘ఫర్’, ‘విత్’, ‘ఆఫ్’ సరైన చోట పడ్డాయంటే మాట మీదైనట్టే. పడకపోతే ఐదో మెట్టుకు వెళ్లి ఆ ఒక్క వాక్యాన్ని సరిచేసుకోండి, మొత్తం మొదటినుంచి చేయనక్కర్లేదు.

వచ్చే వారానికి ‘కవర్’ తీసుకోండి. కిరాణా కొట్టులో ‘భయ్యా, ఒక కవర్ ఇవ్వు’ అనే దగ్గర మొదలుపెట్టండి. పుస్తకం కవర్, ఇన్సూరెన్స్ కవర్, సిలబస్ కవర్ చేయడం, టీవీ వాళ్లు మీటింగ్ కవర్ చేయడం వరకు వెళ్లండి. దాని పుట్టుకలో కప్పడం అన్న అర్థం దొరుకుతుంది. ఆ తర్వాత ‘ఇష్యూ’, ‘బ్యాలెన్స్’.